గణపతికి వినపడని కీచు

చిలకలపూడి రోడ్డులో గణపతి మెకానిక్ షెడ్డుకి బోర్డు లేదు. బోర్డు దేనికి, నా చెవులు చాలవా అనేవాడు. ఆ మాటలో గర్వం ఉంది గానీ అబద్ధం లేదు, కనీసం మొన్నమొన్నటి దాకా లేదు. వినాయకుడి పేరు పెట్టుకున్నందుకు చేటంత చెవులూ వచ్చాయని బందరులో అందరూ వేళాకోళం చేసేవారు. అవేమీ అలంకారానికి పెట్టుకున్నవి కావు. కారు ఇంకా మలుపు తిరుగుతుండగానే, చేతిలో టీ గ్లాసు దించకుండా, "ముందు ఎడమ చక్రం బేరింగు పోయింది. అది వదిలేసి ఏసీ బాగుచెయ్యమని వస్తున్నాడు చూడు" అనేవాడు. విప్పి చూస్తే బేరింగే.

అవనిగడ్డ నుంచి, నాగాయలంక నుంచి, ఇటు పామర్రు, గుడివాడల నుంచి కూడా అతని దగ్గరికి బళ్ళు వచ్చేవి. ఆ ఊళ్ళలో మెకానిక్కులు లేక కాదు. అక్కడ విప్పి చెబుతారు, ఇతను విప్పకుండా చెబుతాడు. విప్పకుండా చెప్పేవాడంటే మనవాళ్ళకి ఎక్కడలేని గురి. డాక్టరైనా, జ్యోతిష్యుడైనా, మెకానిక్కయినా అంతే.

ఆ చెవులకి పదును పెట్టింది గిలకలదిండి రేవు. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్ళే మనిషి. గణపతికి మాత్రం బోటెక్కితే వాంతులు. వీడు వలకి పనికిరాడని తేలిపోయాక, రేవులో బోటు ఇంజన్లు బాగుచేసే మేస్త్రి దగ్గర పనికి పెట్టారు. పక్క మనిషి అరిచినా వినపడని ఆ డీజిలు ఇంజన్ల హోరులో, ఏ మూల ఏ నట్టు వదులైందో వినడం అక్కడే పట్టుబడింది. పన్నెండేళ్ళు ఆ హోరు పక్కనే కూర్చున్నాడు. తర్వాత గుడివాడ వెళ్ళి జీవానందం గారనే పెద్ద మెకానిక్కు దగ్గర కార్ల పని నేర్చుకున్నాడు. ఆయన స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి వినేవాడు. "ముందు చెవితో వినాలిరా, తర్వాత చేత్తో చూడాలి" అని చెప్పేవాడు. గణపతికి మొదటి సగం బాగా వంటబట్టింది. రెండో సగం ఏళ్ళు గడిచేకొద్దీ జారిపోయింది. చెవి చెప్పేశాక ఇంకా చెయ్యి చూసేదేముంది, చాదస్తం కాకపోతే.

ఇప్పుడు అతనికి యాభై ఆరు. భార్య వీరదుర్గ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వస్తుంది. ఈమధ్య ఆమె వచ్చి వెనక నిలబడితే ఉలిక్కిపడుతున్నాడు. "పిల్లిలా వస్తావేంటే, గుండాగి చచ్చేట్టున్నాను" అంటాడు. "నేనా పిల్లి? రోడ్డు అవతల్నించీ పిలుస్తానే ఉన్నా. నీకు పొగరెక్కువై పలకటంలా" అంటుంది ఆమె. ఆ మాటకి ఇద్దరూ నవ్వుకుని అన్నానికి కూర్చునేవారు.

సింధూర గుడ్లవల్లేరులో ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు. బందరు నుంచి పెడన, కవుతరం మీదుగా రోజూ కారులో వెళ్ళి వస్తుంది. కిందటి కోతలప్పుడు ధాన్యం ట్రాక్టరొకటి ఉన్నట్టుండి అడ్డం తిరిగితే, ఎంత బ్రేకు తొక్కినా కారు జారుకుంటూ వెళ్ళి ట్రాలీకి తగిలి ఆగింది. ముందు దీపం ఒకటి పగిలింది, అంతే. కానీ బెంగుళూరులో ఉన్న ఆమె తమ్ముడు భార్గవ్‌కి నిద్ర పట్టలేదు. అతనికి కార్ల పిచ్చి. రేసు బళ్ళకి వేసేలాంటి గట్టి బ్రేకు ప్యాడ్లు తెప్పించి అక్కకి పంపాడు. పెట్టె మీద మంటల బొమ్మ ఉంది.

"ఇవి మన పెడన రోడ్డుకి దేనికండీ? గేదె అడ్డమొస్తే ఆగాలి, ఆటో ఆగితే ఆగాలి. మీరు ముప్పైలో పోతా ఉంటే ఇవి వేడెక్కను కూడా వేడెక్కవు" అన్నాడు గణపతి.

"వాడి తృప్తి కోసం వేసెయ్యండి" అంది సింధూర. వేసేశాడు.

నాలుగో రోజుకే తిరిగొచ్చింది. "బ్రేకు తొక్కితే కీచుమంటోందండీ గణపతి గారూ. నా కారు గేటు దగ్గరికి వస్తోందంటే మా స్టూడెంట్లు చెవులు మూసుకుంటున్నారు. క్లాసులో నేను అరిచినా ఇంత పట్టించుకోరు."

గణపతి కారు తీసుకుని కోనేరు సెంటరు దాకా వెళ్ళి వచ్చాడు. పదిసార్లు తొక్కి చూశాడు. బ్రేకు గోడకి కొట్టినట్టు పడుతోంది. చప్పుడేమీ లేదు. "ఏం లేదండీ, బ్రహ్మాండంగా ఉంది" అని తాళాలు ఇచ్చేశాడు. కొత్త వస్తువు మీద లేనిపోని అనుమానాలు చదువుకున్నవాళ్ళకి ఎక్కువని మనసులో అనుకున్నాడు కూడా.

ఆ వారంలోనే నాగాయలంక నుంచి ప్రకాష్ వచ్చాడు. దూరపు చుట్టం, వరసకి బావమరిది. కిరాయికి కారు తిప్పుకుంటాడు. "బ్రేకు వేస్తే సన్నగా కీచుమంటంది బావా" అన్నాడు. దాన్నీ ఒక చుట్టు తిప్పి తెచ్చాడు గణపతి. చెవులు రిక్కించి విన్నాడు, ఏమీ లేదు. "కరకట్ట మీద దుమ్మురా అది. నీళ్ళు కొట్టు, పోద్ది. ఏంటో ఈ వారం అందరికీ చెవుల్లో కీచుపురుగులు దూరినట్టున్నాయి" అన్నాడు. గణపతి ఏం లేదన్నాక ఇంకేముంటుంది? ప్రకాష్ నిశ్చింతగా వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత, రెండో శనివారం పొద్దున్నే సింధూర మళ్ళీ వచ్చింది. ఈసారి ఒప్పించకుండా కదిలే మనిషిలా లేదు. "చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ అరుస్తోందండీ. పక్కన నేనుంటాను, మీరు నడపండి" అని ఎక్కి కూర్చుంది.

షెడ్డు ముందు రోడ్డు మీదే మెల్లగా పోనిచ్చి తొక్కాడు. సింధూర మొహం చిట్లించి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇదిగో" అంది.

"ఎక్కడండీ?"

ఇంకోసారి తొక్కాడు. "ఇదిగో, మళ్ళీ" అంది. గణపతికి చిరాకెత్తింది. లేని చప్పుడు ఈమెకి ఎలా వినపడుతోంది? అప్పుడే అద్దంలోంచి షెడ్డు కుక్క కనపడింది. పాత లారీ టైరులో పడుకుని, నెత్తిన హారను కొట్టినా కన్ను తెరవని సోమరి అది. తల ఎత్తి కారు వంకే చూస్తోంది. గణపతి కావాలని మళ్ళీ తొక్కాడు. కుక్క లేచి నిలబడింది. మరోసారి తొక్కితే, ఈ షెడ్డులో బతకలేం అన్నట్టు ఒళ్ళు దులుపుకుని సందులోకి వెళ్ళిపోయింది.

ఆ పొద్దున టిఫిను పట్టుకుని వీరదుర్గ రోడ్డు దాటి వస్తోంది. ఒక చేతిలో క్యారేజీ, రెండో చేతి వేలు చెవిలో. "ఏంటి మావా ఆ కీచు, పళ్ళు జివ్వుమంటన్నాయి" అంది.

గణపతి ఇంజను ఆపాడు. రోడ్డు మీద పోతున్న ఆటో చప్పుడు వినపడుతోంది. ఎదురు షాపులో గ్రైండరు వినపడుతోంది. అరటిపళ్ళ బండివాడి కేక వినపడుతోంది. అన్నీ వినపడుతున్నాయి. ఒక్క ఆ కీచు తప్ప.

"నీకు వినపడలా?" అని అడిగింది వీరదుర్గ. ఈసారి వేళాకోళం లేదు ఆ గొంతులో.

గణపతికి సిగ్గు ముంచుకొచ్చింది. ముప్పై ఏళ్ళ విద్య, నలుగురి ముందు కూడా కాదు, ఒక కుక్క ముందు పోయింది. తలదించుకుని స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఆ సిగ్గు వెనకాలే ఇంకోటి గుర్తొచ్చింది. ప్రకాష్.

చాలా కార్ల బ్రేకు ప్యాడ్లకి పక్కన చిన్న రేకుముక్క ఉంటుంది. ప్యాడు అరిగిపోయి చివరికొచ్చాక ఆ రేకు తిరిగే డిస్కుకి తగిలి కీచుమంటుంది. నేను అయిపోయాను, మార్చమని చెప్పడానికే దాన్ని అలా పెడతారు. సింధూర కారు కీచులో భయపడాల్సింది ఏమీ లేదు, గట్టి ప్యాడ్లు చలిలో అలాగే అరుస్తాయి. ప్రకాష్ కారులో కీచు అలాంటిది కాకపోతే? దుమ్మురా అన్నాడు తను. చక్రం విప్పను కూడా లేదు.

ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఆఖరికి ప్రకాష్ ఇంటికి చేస్తే వాళ్ళమ్మ ఎత్తింది. "మనవాళ్ళ బిడ్డకి పుట్టెంట్రుకలు తీపించటానికి శ్రీకాకుళం ఎల్లారు నాయనా. పిల్లల్తో కలిపి ఎనమండుగురు ఎక్కారు మనోడి బండిలో" అంది.

జిల్లా శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున గుడి ఉన్న ఊరు. కరకట్ట మీది నుంచి ఊళ్ళోకి ఏటవాలుగా దిగాలి. బండి నిండా జనం. గణపతి వీరదుర్గ వంక చూసి, "దుర్గా, నేను వాడి బండి చూళ్ళేదే. విన్నానంతే" అన్నాడు.

సింధూరకి సగమే అర్థమైంది. ఆ సగం చాలింది. "నా కారులో పదండి, అరుస్తుందేమో గానీ ఆగుతుంది" అంది. గణపతి జాకీ, పానాలు, ప్రకాష్ బండికి సరిపడే మామూలు ప్యాడ్ల పెట్టె వెనక సీట్లో పడేసి ఎక్కాడు.

చల్లపల్లి దాకా గణపతి ప్రకాష్‌కి ఫోను చేస్తూనే ఉన్నాడు. కారు స్లో అయినప్పుడల్లా సింధూర మొదట్లో "ఇప్పుడు" అనేది. తర్వాత అనడం మానేసి, స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తేది. గణపతి ఆ వేలు వంకే చూస్తూ కూర్చున్నాడు. ఎత్తినప్పుడల్లా ప్రాణం పెట్టి విన్నాడు. టైర్ల రొద తప్ప ఏమీ లేదు.

"మా నాన్నగారికీ ఇంతేనండీ," అంది ఘంటసాల దాటుతుండగా. "సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయట. లావు చప్పుళ్ళు వినపడుతూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదు. మీరు బోటు ఇంజన్ల దగ్గర పనిచేశారు కదా, అది కూడా కారణమేమో."

"లావు చప్పుళ్ళతో నాకేం పనండీ," అన్నాడు గణపతి. "అవి అందరికీ వినపడతాయి. సన్నటివి వినబట్టే నేను నాలుగు మెతుకులు తిన్నా. ఇన్నాళ్ళూ వినపడితే ఉన్నట్టు, వినపడకపోతే లేనట్టు అనుకున్నా. ఈ ఏడాదిలో ఎన్ని బళ్ళని ఏం లేదని పంపించానో."

సింధూర వేగం పెంచింది.

ప్రకాష్ కారు కట్ట కింద చింతచెట్టు నీడలో ఉంది. చుట్టూ జనం, నున్నటి గుండుతో నెలల బిడ్డ, చాపల మీద పులిహోర. అందరూ ఉన్నారు. గణపతి వేళ్ళతో లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిది.

"ఏంటి బావా, దేవుడికి నువ్వు కూడా గుండిస్తావా?" అన్నాడు ప్రకాష్. ఫోను కారులోనే వదిలేశాడట.

"దిగేటప్పుడు బండి ఆగిందా?"

"కాస్త జారింది. హ్యాండు బ్రేకు లాగి ఆపా. ఏం?"

గణపతి జాకీ పెట్టి ముందు చక్రం ఊడదీశాడు. ప్యాడు అన్నమాటే గానీ ప్యాడేమీ మిగల్లేదు. వెనక ఉండే ఇనప రేకే డిస్కుని రాసేస్తోంది. డిస్కు మీద, అట్లకాడతో గీకిన పెనం మీద లాగా చారలు. తినేవాళ్ళు తినడం ఆపి చుట్టూ చేరారు. బిడ్డ తాత, గిలకలదిండి పెద్దమనిషి, వంగి ఆ ఇనప రేకుని వేలితో తడిమి చూశాడు.

"పది రోజుల కిందటేగా నువ్వు చూశావంట గణపతీ?" అన్నాడు.

ఒక్క అబద్ధం సరిపోయేది. పది రోజుల్లో అరిగిపోయింది పెద్దయ్యా, కట్ట మీద దుమ్ము అలాంటిది అంటే సరి. ఎవరూ మారు మాట్లాడరు. మాట్లాడకపోగా, ఇంత దూరం పరిగెత్తుకొచ్చి కాపాడాడని దండ వేసినా వేస్తారు. నిజం తెలిసిన సింధూర కాస్త ఎడంగా నిలబడి ఏటి వంక చూస్తోంది. తెలియనట్టు ఊరుకునే పెద్దమనిషి తరహా ఆమెది. గణపతికి అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఈ ఎనమండుగురూ సాయంత్రానికి రేవు చేరతారు, రేపటికి దివిసీమంతా తెలుస్తుంది. చెవి పోయిన మెకానిక్కు దగ్గరికి ఎవరొస్తారు? అప్పుడే తల్లి భుజం మీద బిడ్డ, కొత్త గుండు గోక్కుంటూ అతని వంక చూసింది.

"చూళ్ళేదు పెద్దయ్యా," అన్నాడు గణపతి. "విని పంపించేశా. ఈ కీచు నాకు వినపడలా. నా చెవులు పోయాయి."

ప్రకాష్ నోరు తెరుచుకుని చూశాడు. "అదేంటి బావా. నీకే వినపడకపోతే ఇంక మాకెవరున్నారు?" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు గణపతికి. కళ్ళలో నీళ్ళు తిరిగితే, చక్రం మీదికి వంగి మొహం దాచుకున్నాడు.

మామూలు ప్యాడ్లు వేసి, డిస్కులు సోమవారం మార్చేదాకా కిరాయిలు మానెయ్యమని, ఖాళీ బండి మెల్లగా తెమ్మని చెప్పాడు. బిడ్డా తల్లీ, పిల్లలూ, ముసలివాళ్ళూ సింధూర కారులో సర్దుకున్నారు. మిగిలినవాళ్ళని ఆటో ఎక్కించారు. తను ప్రకాష్ పక్కన కూర్చున్నాడు. ముందు పోతున్న సింధూర కారు బ్రేకు వేసినప్పుడల్లా దాన్లో పిల్లలు చెవులు మూసుకుని కిందామీదా పడి నవ్వడం వెనక అద్దంలోంచి కనపడింది. దాని వల్ల తెలిసింది అతనికి, కారు ఎప్పుడెప్పుడు అరుస్తోందో.

ఆ ఆదివారమంతా గుర్తున్న వాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. చేసిన ప్రతివాళ్ళకీ, ఎందుకు రమ్మంటున్నాడో ఉన్నదున్నట్టు చెప్పాడు. పదకొండు బళ్ళు వచ్చాయి. రెండింటికి ప్యాడ్లు చివరికొచ్చి ఉన్నాయి. మూడు బళ్ళవాళ్ళు మళ్ళీ ఎప్పుడూ రాలేదు, అది వాళ్ళ తప్పేమీ కాదు.

సింధూర కారు పనీ చూశాడు. గట్టి ప్యాడ్ల అంచులు ఏటవాలుగా అరగదీశాడు, వెనక గ్రీజు పూశాడు. ఖాళీ రోడ్డు మీద అరవైలో పోతూ, పూర్తిగా ఆపకుండా ఇరవైసార్లు వేగం తగ్గించమన్నాడు, ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడాలని. కీచు సగానికి తగ్గిందని చెప్పింది ఆమె. పొద్దున్నే చలికి మాత్రం మిగిలిన సగం అలాగే ఉంది. "దీని గుణం అంతేనండీ. మామూలువి వేసుకోండి. తమ్ముడు గారికి నేను చెబుతా, టైర్లు మంచివి వేసి, ముందు బండికి ఎడం ఇచ్చి నడిపితే ట్రాక్టరుకి తగలరని" అన్నాడు. భార్గవ్ ఫోనులో కాస్త మొరాయించి ఒప్పుకున్నాడు. ఇప్పుడు కాలేజీ గేటు దగ్గర ఆ కారు వచ్చినట్టు ఎవరికీ తెలియడం లేదు.

చెవి డాక్టరు ఒక మిషను ఇచ్చాడు. మాటలకి బాగుంది, కీచులకి పెద్దగా లాభం లేదు. అందుకని గణపతి ఇప్పుడు ప్రతి బండికీ చక్రం విప్పుతాడు. విప్పే ముందు ఒక చుట్టు తిప్పుతాడు, పక్క సీట్లో వీరదుర్గ కూర్చుంటుంది. "దంపతులు షికారా?" అని రోడ్డు మీద వాళ్ళు ఆటపట్టిస్తారు. ఆమె పట్టించుకోదు. కీచు వినపడితే చెయ్యెత్తుతుంది. ఎలా ఉందని అతను అడుగుతాడు, "కత్తిపీట నూరినట్టుంది" అనో, "తలుపు బందు అరిచినట్టుంది" అనో చెబుతుంది. దాన్ని బట్టి ఇతను ఊహిస్తాడు, ఆ తర్వాత చేత్తో చూస్తాడు. ఆమె మాట ఇప్పటిదాకా ఒక్కసారే తప్పింది.

మొన్నొక రోజు ఎవరిదో కారు తిప్పుతున్నారు. వీరదుర్గ చెయ్యెత్తింది. ఎత్తిన చేతి మీద ఎర్ర గాజులు డజను, ముంజేతి దాకా జారాయి. గణపతి కారు పక్కకి తీసి ఆపాడు.

"మట్టిగాజులు ఎప్పుడు వేసుకున్నావే?"

"ఎప్పుడేంటి మావా? పెళ్ళయిన కాణ్ణించీ ఇయ్యేగా. పగిలితే మళ్ళీ ఏసుకుంటా."

మానేసిందనుకున్నాడు అతను. నాలుగైదేళ్ళుగా అలాగే అనుకుంటున్నాడు. వయసు మీద పడింది, రబ్బరు గాజులు వేసుకుంటోంది కాబోలు, అందుకే వెనక వచ్చి నిలబడినా తెలియడం లేదనుకున్నాడు. కళ్ళతో ఒక్కసారి చూస్తే తెలిసిపోయేది. చూడలేదు.

"మోగుతున్నాయా?" అని అడిగాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. చెయ్యి అతని చెవి దగ్గరికి తెచ్చి గట్టిగా ఊపింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు, చాలాసేపు విన్నాడు, తర్వాత తల అడ్డంగా ఊపాడు.

వీరదుర్గ అతని గ్రీజు మరకల చెయ్యి ఒకటి స్టీరింగు మీంచి తీసుకుని, తన గాజుల చుట్టూ మూసింది. మళ్ళీ ఊపింది.

"ఇప్పుడు?"

"ఆఁ," అన్నాడు గణపతి. "ఇప్పుడు తెలుస్తోంది."